నాగులేటి పాచి, చంద్రవంక పాచి

మొత్తం మూడు రోజుల ప్రయాణం. నరసరావుపేట నుంచి కారంపూడి, అక్కడి నుంచి గురజాల, మాచర్ల, చివరికి ఎత్తిపోతల జలపాతం. పల్నాడు దాటి అడుగు బయట పెట్టలేదు కాబట్టి దీన్ని యాత్ర అంటే నవ్వేవాళ్ళు ఉంటారు. మా వీధిలో ఇద్దరు ఇప్పటికే నవ్వారు. ఎవరెవరో నాకు గుర్తుంది. కానీ ఆ దారిలో నాకు రావలసిన మాట ఒకటి ముప్పై ఏళ్ళుగా రాకుండా ఉండిపోయింది. దాని కోసం వెళ్ళాను.

పేట బస్టాండు

పేటలో ఒక డిగ్రీ కాలేజీలో జీవశాస్త్రం ల్యాబు అటెండరుగా పనిచేసి రిటైరయ్యాను. బాటిళ్ళు కడగడం, మైక్రోస్కోపులు తుడవడం, కప్పలు తేవడం నా పని. మా కాలేజీలో పాపారావుగారని ఒక లెక్చరరు ఉండేవారు. ఆయన డాక్టరేటు కోసం వాగుల్లో రాళ్ళకు పట్టే పాచిని పరిశోధనకు ఎంచుకున్నారు. వాగులో రాయి మీద కాలు పెడితే జారుతుందే, ఆ జిగురు. అది ఉత్త మురికి కాదు. కంటికి కనబడని బాక్టీరియా కొంత నాచుతో కలిసి, తమ ఒంట్లోంచి ఊరే బంకతో కట్టుకున్న కాలనీ అది. అందులో ఎన్ని రకాలు ఉంటాయో, ఎక్కడ ఏవి ఉంటాయో తేల్చడం ఆయన పని. రాళ్ళు ఏరి, పాచి గీకి, బాటిళ్ళలో నింపి మోయడం నాది.

రెండేళ్ళు తిరిగాం. ఆయన స్కూటరు వెనక బాటిళ్ళ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మిరప చేల ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ పోయేవాళ్ళం. ఆయన పెద్ద గొంతుతో పద్యాలు పాడేవారు, శ్రుతి ఉండేది కాదు. మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద కూర్చుని టిఫిను బాక్సు మూతలో పెరుగన్నం నాకు పెట్టి, ఊరమిరపకాయల్లో పెద్దది నాకే వేసేవారు. తర్వాత మా ఇంట్లో పెళ్ళిళ్ళు జరిగాయి, ఇల్లు కట్టాను, ప్రమోషన్ మాత్రం ఇవ్వలేదు. కానీ ఆ రెండేళ్ళంత తేలిగ్గా మళ్ళీ ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

ఏ ఊరి పాచి ఆ ఊరిదే అన్నది పాపారావుగారి నమ్మకం. కారంపూడి పాచి ఒక రకం, మాచర్లది ఇంకో రకం, ఊరి మురుగుని బట్టి మారుతుందని. రాళ్ళు ఏరేది నేను కాబట్టి నా వేళ్ళకు వేరేగా తెలిసింది. ఉరుకు నీళ్ళలో రాయి ఏ ఊళ్ళో అయినా ఒకలాగే జారేది, నిలవ నీళ్ళలో రాయి ఇంకోలాగా జారేది. అందుకే బాటిళ్ళ మీద ఊరి పేరు కింద పెన్సిలుతో "ఉరుకు", "నిలవ" అని రాసేవాణ్ణి. ఆయన చిరాకుగా గోరుతో గీకేసేవారు. తీరా పరీక్షలు చేస్తే ఒకే ఊరి బాటిళ్ళు రెండు, రెండు దేశాల నుంచి వచ్చినట్టు వేరుగా తేలాయి. కారంపూడి బాటిల్ ఒకటి మాచర్ల బాటిలుకి అన్నదమ్ముడిలా ఉంది.

ఆ రోజు ప్రాక్టికల్ హాల్లో నలభై మంది పిల్లలున్నారు. "ఈ కోటయ్య కడిగిన బాటిళ్ళని నమ్ముకుని రెండేళ్ళు బూడిదలో పోసుకున్నాను" అన్నారాయన, వాళ్ళందరి ముందూ. పిల్లలు నవ్వారు. మర్నాటి నుంచి నేను పాచి కోటయ్యని. రిటైరైన రోజు శాలువా కప్పుతూ ప్రిన్సిపాలు కూడా మైకులో అదే పేరు పెట్టి పిలిచి, తనేదో జోకు వేసినట్టు ఆగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ బాటిళ్ళు శుభ్రంగా ఉన్నాయని ఆ నోటితోనే చెప్పించాలి. అదీ నా పని.

నెల కిందటే ఒకసారి వెళ్ళి ఏర్పాటు చేసి వచ్చాను. ఒకే నాపరాతి బండలోంచి అరచేతి వెడల్పున పదహారు ముక్కలు కోయించాను. రాయిలో తేడా ఉందని ఎవరూ అనకుండా ఒకే బండ. వెనకవైపు మేకుతో నంబర్లు గీశాను. ఎనిమిది ముక్కలు కారంపూడిలో నాగులేటిలో, ఎనిమిది ఎత్తిపోతల ఎగువన చంద్రవంక వాగులో పెట్టాను. రెండు చోట్లా నాలుగు ఉరుకు నీళ్ళలో, నాలుగు నిదానం నీళ్ళలో. నెలరోజుల్లో వాటికి పట్టే పాచిని చల్లగా తెచ్చిస్తే చూసి చెబుతానని మా మేనకోడలు స్వాతి మాట ఇచ్చింది. తను గుంటూరులో ఒక ల్యాబులో పనిచేస్తుంది.

అందుకని థర్మోకోల్ పెట్టె, అందులో ఐసు. ఐసు చేపల అంగట్లో తప్ప దొరకలేదు. కండక్టరు వాసన పట్టాడు.

"చేపలా?"

"కాదు."

"మరేందది?"

"ఐసు."

"ఉత్త ఐసా? పేట నుంచి కారంపూడికి ఐసు మోసుకుపోతన్నావా?" అని బస్సంతా వినబడేలా అడిగాడు. వెనక సీట్లో ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ కండక్టరు ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉంది. మళ్ళీ ఎక్కడ కనబడినా గుర్తుపడతాను.

కారంపూడి, నాగులేటి ఒడ్డున

వానలు వెనకబట్టి పది రోజులైంది. నాగులేరు తేటగా ఉంది. వెనకటి రోజుల్లో మేము స్కూటరు ఆపుకునే ఇసక మేట ఇప్పుడు లేదు. అక్కడ చిన్న చెక్‌డ్యామ్ కట్టారు. దాని వెనక నీళ్ళు చెరువులా నిద్రపోతుంటాయి, కింద రాళ్ళ సందుల్లో మాత్రం అరుచుకుంటూ ఉరుకుతుంటాయి. నాకు కావలసిన రెండూ ఇరవై అడుగుల లోపలే. ఒకే ఊరు, ఒకే నీళ్ళు, ఒకే మురుగు. అందుకే ముక్కలు అక్కడ పెట్టాను. ఒడ్డునే ఇల్లున్న నాగేంద్రం అనే ఆమెకి అప్పగించి, "ఎవరూ ముట్టుకోకుండా చూడమ్మా" అని మరీ మరీ చెప్పి వెళ్ళాను.

నన్ను చూడగానే గుమ్మంలోంచే కేక వేసింది.

"రాండన్నయ్యా! మీ రాళ్ళు రెడీ."

అరుగు మీద ఎనిమిది ముక్కలూ రెండు దొంతులుగా ఉన్నాయి. ఎండలో అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ఏందమ్మా ఇది?"

"తోమానన్నయ్యా. వీరుల ఉత్సవాలు వత్తన్నాయి గదా. సన్నికల్లు, రోలు, గడపలు అన్నీ కడుగుతన్నాం. మీ రాళ్ళు తీసి చూస్తే ఛీ, ఒకటే పాచి. పేటోళ్ళ సొమ్ము అట్టా ఇస్తే మా కొంపకి మాట రాదూ?"

లోపల మంచం మీద నుంచి వాళ్ళ అత్త అందుకుంది. "చెప్తానే ఉన్నా. పాచి పట్టించుకోడానికే పెట్టాడేమోనే అని. ఇంటేగా ఇది!"

"నువ్వూరుకో అత్తా. పాచి కోసం ఎవరన్నా బస్సెక్కి వత్తారా?"

ఎవరూ ముట్టుకోకుండా చూడమన్నాను, ఆమె చూసింది. ఊళ్ళో పిట్టని కూడా వాలనివ్వలేదట. తాను ముట్టుకోకూడదని మాత్రం నేను చెప్పలేదు. ఉత్సవాల ముందు ఆ ఊళ్ళో ఇంటి చుట్టుపక్కల రాయన్నది ఏదీ కడగకుండా వదలరని నాకు తెలియాల్సింది. రెండేళ్ళు తిరిగిన ఊరే.

నెల రోజుల పాచి కొబ్బరిపీచుకి పోయింది. అరుగు చివర అటు తిరిగి కూర్చున్నాను. అన్నానికి లేవమంటే లేవలేదు.

"కోపం రాళ్ళ మీదా, రొట్టె మీదా?" అంది ముసలామె.

మా పేటలో ముందు ఉద్యోగం ఏమిటో, ఏ వీధో అడిగి, తర్వాత మంచినీళ్ళిస్తారు. వీళ్ళు పళ్ళెం ముందు పెట్టాక కూడా నా ఇంటిపేరు అడగలేదు. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, పక్కన చితక్కొట్టిన ఉల్లిపాయ. నేను మొండివాణ్ణే కానీ గోంగూరతో నాకేం తగాదా లేదు. రెండో రొట్టె కూడా తిన్నాను.

నేను తినడం చూసి నాగేంద్రానికి ధైర్యం వచ్చింది.

"అయినా అన్నయ్యా, ఆ అయిదు రాళ్ళూ నా పానం తీసినయ్యి."

"ఏ అయిదు?"

"ఇదిగో, ఈ దొంతి. సన్నగా, నున్నగా, వార్నీషు పూసినట్టు పట్టుకుంది. గోరుతో గీకినా రాలా. పీచు అరిగిపోయి బూడిదేసి రుద్దా, అప్పటికీ గోధుమరంగు మరక పోలా చూడండి. ఈ మూడు మాత్రం చానా తేలిక. లావుగా, మెత్తగా, పచ్చగా ఉంది. నీళ్ళు కుమ్మరిస్తే చీమిడి ఊడినట్టు ఊడొచ్చింది."

నేను ఎంగిలి చెయ్యి కడుక్కుని ముక్కలు తిరగేశాను. ఆమె విడదీసినప్పుడు నంబర్లు చూడలేదు. అసలు నంబర్లున్నాయని కూడా గమనించలేదు. తోమటానికి కష్టపడ్డవి ఒక పక్క, సులువైనవి ఒక పక్క వేసుకుంది, అంతే. ఒకటి నుంచి నాలుగు వరకూ నేను ఉరుకు నీళ్ళలో పెట్టినవి. నాలుగూ కష్టం దొంతిలోనే ఉన్నాయి. అయిదు, ఆరు, ఎనిమిది సులువు దొంతిలో. అన్నీ సరిపోయాయి, ఏడు తప్ప. నిదానం నీళ్ళలో పెట్టిన ఏడో ముక్క కష్టం దొంతిలో ఉంది.

"ఇది ఇక్కడెందుకుంది?" అన్నాను. నా గొంతు పాపారావుగారి గొంతులా ఉందని నాకే అనిపించింది.

"అదా? మీరెళ్ళిన రెండో రోజే గేదె తొక్కితే కట్ట మీంచి కిందకి జారిపోయింది. నిన్న ఎతికితే రాళ్ళ సందులో దొరికింది, నీళ్ళు ఎగిరిపడే కాడ. దాన్ని తోమే సరికి నా భుజాలు పోయినయ్యి."

నేను పెట్టిన చోటుని కాదని, అది పడ్డ చోటు చెప్పినట్టు పాచి పట్టిందా ముక్కకి. నేను రాసిన నంబరు దానికి అక్కర్లేదు. ఊరు పేరూ అక్కర్లేదు. నీళ్ళు ఎంత వేగంగా తాకుతున్నాయన్నదే లెక్క.

అవన్నీ నా నోటుబుక్కులో రాసుకున్నాను. నాగేంద్రం చేత సంతకం కూడా పెట్టించుకున్నాను. "ఇందులో ఇరుక్కోనుగదా అన్నయ్యా?" అని రెండుసార్లు అడిగి పెట్టింది. వాళ్ళత్త మంచం దిగి వచ్చి వేలిముద్ర వేస్తానంది. నువ్వు తోమలేదు కాబట్టి వద్దన్నాను. మొహం తిప్పుకుంది.

గురజాలలో ఒక పూట

గురజాల బస్టాండులో పెట్టె తాడు తెగి కింద పడింది. ఐసు నీళ్ళు నా పంచె మీదే పోయాయి. ఎదురుగా మోటార్ల రిపేరు షాపులోంచి మస్తాన్ అనే మెకానిక్ వచ్చి, నేను అడగకుండానే పెట్టె తీసుకెళ్ళి పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. డబ్బులు ఇవ్వబోతే "టీ తాగు పెద్దాయనా, చాలు" అన్నాడు. టీ కూడా అతనే తెప్పించాడు. పేటలో ఇచ్చే గ్లాసుకి రెండింతల గ్లాసు. అల్లం ఎక్కువ, పంచదార అంతకన్నా ఎక్కువ.

ఎక్కడికి, ఎందుకని అడిగాడు. చెప్పాను. నవ్వుతాడేమోనని అతని మొహాన్నే చూస్తూ చెప్పాను. నవ్వలేదు.

"దానికి ల్యాబు ఎందుకు పెద్దాయనా? ఇరవయ్యేళ్ళుగా పైపులు ఊడదీస్తన్నా, నన్నడుగు. మోటారు నుంచి ఫోర్సుగా నీళ్ళు కొట్టే పైపులో పాచి రెగ్జిన్ లాగా ఉంటది. పల్చగా, గట్టిగా. బ్లేడు పెట్టాల్సిందే. అదే నీళ్ళు ట్యాంకులోకి పోయి కూర్చుంటే, గోడకి లావుగా, మెత్తగా దుప్పటి కప్పినట్టు పెరుగుద్ది. చేత్తో లాగితే పొరలు పొరలుగా వచ్చేస్తది."

"ఒకే బోరు నీళ్ళా?"

"ఒకే బోరు, ఒకే ఇల్లు. పైపోడిదొక పాచి, ట్యాంకోడిదొక పాచి."

అతని మాట కూడా రాసుకున్నాను. అడిగితే షాపు స్టాంపు వేసి ఇచ్చాడు. ముప్పై ఏళ్ళ కిందట నా మాటకి స్టాంపు వేసేవాడు ఒక్కడు దొరికి ఉంటే!

అక్కడే స్వాతి ఫోను చేసింది. కారంపూడి సంగతి చెబితే ముందు కేకలేసింది, తర్వాత నవ్వింది, తర్వాత నిదానంగా చెప్పింది. "మామయ్యా, బాక్టీరియా నీళ్ళలో కొట్టుకుంటూ అన్ని రాళ్ళ దగ్గరికీ వస్తాయి. ఉరుకు నీళ్ళలో గట్టిగా కరుచుకోగలిగినవే నిలుస్తాయి, మిగతావి పోతాయి. నిలిచినవి కూడా నీళ్ళ దెబ్బకి తలొంచుకుని పల్చగా, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నిదానం నీళ్ళలో పట్టు లేనివాళ్ళకి కూడా చోటు దొరుకుతుంది. లావుగా పెరుగుతుంది, అడుగున గాలి ఆడక అక్కడ ఇంకో రకంవాళ్ళు చేరతారు. ఎవరు వస్తారన్నది వాగు చూసుకుంటుంది, ఎవరు ఉంటారన్నది వేగం చూసుకుంటుంది."

"అంటే నేను చెప్పిందే."

"నువ్వు చెప్పిందే. కానీ వేగం ఒక్కటే కాదు మామయ్యా. ఎండ, మురుగు, కాలం, అవీ లెక్కలోకొస్తాయి. మీ సారు పూర్తిగా తప్పని కూడా అనలేం."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. అయినా రాసుకున్నాను, చిన్న అక్షరాలతో.

మాచర్ల

రెంటచింతల మీదుగా వెళ్ళాను. ఎండ అనగానే రాష్ట్రమంతా ఆ ఊరి పేరే చెబుతుంది. చలికాలం మొదట్లో కూడా కిటికీ రేకు వేలు కాల్చింది. మా రోజుల్లో అక్కడ స్కూటరు ఆపి, పాపారావుగారు రెండు సోడాలు కొట్టించేవారు. ఒకటి తాగడానికి, ఒకటి నెత్తిన పోసుకోవడానికి. నా నెత్తిన కూడా ఆయనే పోసేవారు. బస్సులో ఒక్కణ్ణే కూర్చుని అది తలుచుకుంటే, ఆయన మీద నా కోపం ఎక్కడ పెట్టానో కాసేపు దొరకలేదు. మాచర్ల దిగేసరికి దొరికింది.

ఆయన రిటైరయ్యాక సొంత ఊరు మాచర్ల చేరారని విన్నాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఎనభై దాటిన మనిషి, చొక్కా వదులైంది, గొంతు మాత్రం అదే.

"ఏవోయ్ కోటయ్యా! లోపలికి రా. కూర్చో."

కుర్చీ చూపించారు. కాలేజీలో ఉన్న అన్నేళ్ళలో ఆయన గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే వచ్చిన పని మెత్తబడుతుందేమోనని నిలబడే చెప్పాను. నాపరాతి ముక్కలు, గేదె తొక్కిన ఏడో నంబరు, నాగేంద్రం సంతకం, మస్తాన్ స్టాంపు, స్వాతి మాటలు. చిన్న అక్షరాలతో రాసింది కూడా చదివాను. దాచడం నాకు రాదు.

అంతా విని ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ బాటిళ్ళు శుభ్రంగానే ఉన్నాయి కోటయ్యా. నాకు తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"ఆ ఎండాకాలం నుంచే. నువ్వు సెలవులో ఉన్నప్పుడు నేనే కడిగాను, నేనే వెళ్ళి నింపుకొచ్చాను. మళ్ళీ అలాగే వచ్చింది."

ఇన్నేళ్ళూ ఆయనకి తెలియదనే అనుకున్నాను. తెలియని మనిషికి తెలియజెప్పడానికి రాళ్ళు మోసుకొచ్చాను. తెలిసినవాడికి ఏం చెప్పాలో నోటుబుక్కులో రాసుకుని రాలేదు.

"మరి చెప్పలేదేం?"

"చెబితే నా రెండేళ్ళూ తప్పని ఒప్పుకోవాలి. అటెండరు పెన్సిలుతో రాసింది నిజమని చెప్పాలి. నువ్వు చూస్తే నోరెత్తవు. తప్పు నీ మీద ఉంటే నాకు సౌకర్యంగా ఉంది." ఆయన ఏ మాటా నమలలేదు. "తర్వాత మళ్ళీ వాగు దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. పరిశోధన మానేశాను. జనం బాటిళ్ళ వల్ల ఆగిపోయిందనుకున్నారు. అనుకోనిచ్చాను."

"పాచి కోటయ్య అన్నారు నన్ను. రిటైరైన రోజు కూడా."

"విన్నాను. నేనూ ఆ సభలో ఉన్నాను కదా."

అప్పుడు కూర్చున్నాను. కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను, ఆయన మర్యాదకి కాదు.

"తప్పు నాది. సరేనా?" అన్నారు.

"సరికాదు. నాలుగు గోడల మధ్య నాకొక్కడికి చెబితే నాకేం? అది నాకు ముందే తెలుసు. నలభై మంది ముందు అన్నారు, నలుగురి ముందైనా చెప్పాలి."

"ఆ నలభై మందినీ ఇప్పుడు ఎక్కడి నుంచి తెస్తావయ్యా?"

"వాళ్ళే అక్కర్లేదు. వేరేవాళ్ళైనా ఫరవాలేదు. మీ గొంతుతో, పైకి."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు. అంత మొండిపట్టు అటెండరుకి ఉంటుందని ఊహించనట్టుంది. చివరికి, "రేపు చంద్రవంకకి నన్నూ తీసుకెళ్ళు" అన్నారు.

ఎత్తిపోతల

పొద్దున్నే పెట్టెలో కొత్త ఐసు నింపుకుని, ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. వాగు దగ్గర ఆయన చెప్పులు విప్పి పంచె ఎగగట్టారు. రాళ్ళ మీద నా మోచెయ్యి పట్టుకున్నారు. వెనకటి రోజుల్లో ఈ వాగులో నేను జారితే ఆయన చొక్కా కాలరు పట్టుకుని లాగేవారు, తిట్టుకుంటూ. ఇప్పుడు నా చేతిలో ఆయన బరువు కొంగలా తేలిగ్గా ఉంది.

ఇక్కడి ముక్కల్ని ఎవరూ తోమలేదు. ముందు మడుగులోవి తీశాం. వేలు మందాన పచ్చటి మెత్తటి పాచి, అంచుల్లో దారాల్లా వేలాడుతోంది, అక్కడక్కడా గాలిబుడగలు. పైకెత్తగానే నీరుకారి కుదేలైంది. తర్వాత ఉరుకు నీళ్ళలోంచి రెండో ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. చూడటానికి ఏమీ పట్టనట్టే ఉంది. ఆయన బొటనవేలితో మెల్లగా రుద్దారు, తర్వాత గట్టిగా రుద్దారు. కళ్ళు మూసుకుని మళ్ళీ రుద్దారు.

"ఇది కారంపూడిదిరా" అన్నారు. "మన స్కూటరు ఆపే చోటు, కింద రాళ్ళ సందులోది."

"కాదు సార్. చంద్రవంకది. మీ ఎదురుగానే తీశాను."

"తెలుసు. వేలికి మాత్రం నాగులేరే."

పరిశోధన మానేసిన తర్వాత ఆయన వాగులో చెయ్యి పెట్టడం అదే మొదలట. ముక్క నా చేతికి ఇవ్వకుండా చాలాసేపు నీళ్ళలో అలాగే నిలబడ్డారు. ఐసు కరిగిపోతోందని చెప్పాను. ఎనిమిదీ పెట్టెలో సర్దాం. అవి ఇప్పుడు గుంటూరులో స్వాతి దగ్గరున్నాయి. అందులో ఎవరెవరు కాపురం ఉన్నారో తేలడానికి ఇంకా కొంత కాలం పట్టొచ్చంటోంది. తొందరపెడితే విసుక్కుంటోంది.

అక్కడి నుంచి జలపాతం చూసే చోటికి వెళ్ళాం. నీళ్ళు బాగానే పడుతున్నాయి. గోడ పక్కన ఒక అమ్మాయి బొగ్గుల మీద మొక్కజొన్న కండెలు కాలుస్తోంది. కొత్తగా పెళ్ళయిన జంట ఫోటోలు తీసుకుంటోంది. ఒక కోతి గోడెక్కి కండెల వైపు చూస్తోంది. మాకు చెరొక కండె ఇప్పించి, ఆయన తినకుండా లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. క్లాసులోకి వచ్చేముందు అలాగే సవరించుకునేవారు.

"అమ్మాయ్, ఒక మాట విను. బాబూ, మీరు కూడా. ఈయన పేరు కోటయ్య. మా ల్యాబులో బాటిళ్ళు కడిగేవాడు. శుభ్రంగా కడిగాడు. కడగలేదని నలుగురిలో నేను అబద్ధం చెప్పాను. ఆయన కనిపెట్టింది నిజం, నేను అనుకున్నది తప్పు."

జంట ఫోను దించింది. కొత్త పెళ్ళికొడుకు ఎందుకో నమస్కారం పెట్టాడు. కోతిని లెక్కలోకి తీసుకోకపోతే ముగ్గురు విన్నారు. నేను అడిగింది నలుగురిని. ఆటో డ్రైవరు ఆ టైముకి పార్కింగులో ఉన్నాడు. ఒకరు తక్కువయ్యారని పాపారావుగారికి చెబుదామనుకున్నాను. కానీ ఆయన చేతిలో కండె చల్లారిపోతోంది. ఊరుకున్నాను.

అమ్మాయి విసనకర్ర ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏ బాటిళ్ళు తాతా?"

పాపారావుగారు గోడ మీద కూలబడి, "నువ్వే చెప్పు కోటయ్యా, నాకు ఓపిక లేదు" అన్నారు.

ఆటో డ్రైవరు పార్కింగులోంచి హారన్ కొడుతున్నాడు. నేను పెట్టె పక్కన పెట్టుకుని, ఆయన పక్కన కూర్చుని, నాగులేటి దగ్గర నుంచి మొదలుపెట్టాను.